కారణం చెప్పే ప్రేమ

దేశాన్ని ప్రేమించమని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకు ప్రేమించాలో అడగనిచ్చేవాళ్ళు తక్కువ. మన దేశభక్తి గేయాలూ, పాఠ్యపుస్తకాల్లో వ్యాసాలూ, జెండా పండగనాటి ఉపన్యాసాలూ చూస్తే ప్రేమ ముందొస్తుంది. కారణం తర్వాత వస్తుంది, చాలాసార్లు రానే రాదు. తల్లిని ఎందుకు ప్రేమిస్తున్నావని ఎవరన్నా అడుగుతారా అంటారు. వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఆడవాళ్ళుగా మనం ఈ మాట ఇంకోచోట కూడా విన్నాం. భర్తని ఎందుకు ప్రేమించాలి, అత్తగారింటిని ఎందుకు నా ఇల్లనుకోవాలి అని అడిగినప్పుడూ ఇదే జవాబు వచ్చింది. పాతివ్రత్యానికి కారణం ఉండకూడదు. మంచివాడు కాబట్టి ప్రేమిస్తున్నాను అన్న మరుక్షణం, మంచివాడు కాకపోతే ఏం చేస్తావు అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్న లేవకుండా ఉండటానికే పితృస్వామ్యం కారణాన్ని నిషేధించింది.

దేశభక్తి విషయంలో కూడా జరిగింది ఇదే అని నా అభిప్రాయం. అందుకే తెలుగు స్త్రీలు దేశం గురించి రాసినచోట నేను వెతికేది భక్తిని కాదు, కారణాన్ని. ఈ స్త్రీకి ఈ దేశం మీద ప్రేమ ఉంటే ఎందుకుంది? దేశం ఆమెకి ఏమిచ్చింది, ఏం తీసుకుంది, ఏం బాకీ పడింది? ఇలా వెతికితే దేశభక్తి సాహిత్యం అని మనం పిలిచేది కాస్త మారిపోతుంది. కొన్ని పుస్తకాలు బయటికి పోతాయి, కొన్ని లోపలికి వస్తాయి.

ఈ వెతుకులాట నాకు ఊరికే మొదలవలేదు. కొన్నేళ్ళ కిందట ఒక సదస్సులో దళిత క్రైస్తవ స్త్రీల రచనల మీద పత్రం చదివాను. చర్చలో ఒక పెద్దమనిషి లేచి, పత్రం గురించి ఏమీ అడక్కుండా, "మీకు ఈ దేశం మీద ప్రేమ ఉందా అమ్మా?" అని అడిగాడు. నాకంటే ముందు కందుకూరి గురించి చదివినతన్ని ఆ ప్రశ్న అడగలేదు. అతని ప్రేమ ముందే రుజువైపోయింది. నా ప్రేమే సాక్ష్యం తెచ్చుకోవాలి. నేను ఆ రోజు చెప్పిన జవాబు ముఖ్యం కాదు. కారణం అడక్కుండా ప్రేమని రుజువు చెయ్యమనటంలో ఉన్న అన్యాయం ముఖ్యం.

ముందు "దేశం" అనే మాట దగ్గర ఆగుదాం. మన వాడుకలో దేశం అనేది ఇంటికి దూరంగా ఉండేది. దేశాలు పట్టిపోయాడు అంటాం, దేశంకాని దేశంలో ఉన్నాడంటాం, దేశదిమ్మరి అంటాం. దగ్గరిదానికి మన మాట "ఊరు". ఆడపిల్లకి ఆ ఊరు కూడా నిలకడగా ఉండదు. మా గుంటూరు వైపు "ఆడ" అంటే అక్కడ, "ఈడ" అంటే ఇక్కడ. ఆడపిల్ల ఎప్పటికైనా "ఆడ"పిల్లే కానీ "ఈడ"పిల్ల కాదని పెద్దవాళ్ళు నవ్వుతూ అనే మాటలో ఒక పౌరసత్వ చట్టమే ఉంది. పుట్టిన ఊరు పెళ్ళి దాకానే. తర్వాత ఇంటిపేరు మారుతుంది, రేషన్ కార్డు మారుతుంది, ఓటు మారుతుంది.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. వర్జీనియా ఊల్ఫ్ 1938లో ‘త్రీ గినీస్’ రాసేనాటికి, పరదేశిని పెళ్ళాడిన ఇంగ్లీషు స్త్రీ తన జాతీయతనే పోగొట్టుకునేది. చదువు ఇవ్వని, ఆస్తి ఇవ్వని, చివరికి పౌరసత్వాన్ని కూడా భర్త చేతిలో పెట్టిన దేశం కోసం నేను యుద్ధాన్ని ఎందుకు సమర్థించాలి అని ఆమె నిలదీసింది. అదే పుస్తకంలో ఇంకో చిన్న చోటు ఉంది. తర్కమంతా అయిపోయాక కూడా, చిన్నప్పుడు చెవిన పడ్డ పక్షుల అరుపులూ, అలల చప్పుడూ, జోలపాటల గొంతులూ మనసులో మిగిల్చే ఒక మొండి ప్రేమ ఉంటుందని ఆమె ఒప్పుకుంటుంది. స్త్రీవాదులు మొదటి భాగాన్ని చాలాసార్లు చెప్పుకున్నారు. ఈ రెండో భాగం గురించి మాట్లాడటానికి మనకెందుకో మొహమాటం.

మన దగ్గర దేశాన్ని గురించి ఆలోచన మొదలయ్యేది గురజాడ దగ్గర. 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయం దేశాన్ని మట్టి మీదనుంచి మనుషుల మీదికి తిప్పింది. తిండి, పని, కష్టం, పక్కవాడికి సాయం, ఇవన్నీ దేశభక్తిలోకి వచ్చింది ఆ గేయంతోనే. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథ చెప్పింది కూడా ఆ చెయ్యే. కానీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవం. దేశమంటే మనుషులే అయితే, కన్యాశుల్కానికి అమ్ముడుపోయి చెరువులో పడిన పూర్ణమ్మ ఆ మనుషుల్లో ఉందా? ఉంటే ఆమెకి ఈ దేశాన్ని ప్రేమించటానికి కారణమేమన్నా ఉందా? గురజాడ ఒక గేయంలో వేసిన ప్రశ్నకి ఇంకో గేయంలో జవాబు లేకుండా మిగిలింది. ఆ జవాబు స్త్రీలే రాసుకోవాల్సి వచ్చింది.

అలా రాసినవాళ్ళలో బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ (1896-1978) ఒకరు. ఆమెని మనం గాంధేయవాది, సంస్కరణవాది అని రెండు మాటల్లో చెప్పి పక్కన పెట్టేస్తాం. ‘గృహలక్ష్మి’ పత్రికలో 1928 నుంచి ఆమె నడిపిన ‘శారద లేఖలు’ ఇప్పుడు తీసి చదివితే ఆ తొందరపాటు తెలుస్తుంది. శారద అనే గృహిణి తన స్నేహితురాలు కల్పలతకి ఉత్తరాలు రాస్తుంటుంది. ఖద్దరు, బాల్యవివాహాలు, స్త్రీల చదువు, సభలు, చట్టాలు, అన్నీ ఆ ఉత్తరాల్లోకి వస్తాయి. ఉపన్యాసం ఎంచుకోకుండా ఉత్తరాన్ని ఎంచుకోవటంలోనే ఒక రాజకీయం ఉంది. ఉపన్యాసంలో "మనం" అని మొదలుపెట్టొచ్చు. ఉత్తరంలో "నేను" అని, "నువ్వు" అని అనక తప్పదు. నాకు ఈ విషయం ఎందుకు పట్టింది అని స్నేహితురాలికి చెప్పుకోవాలి. అంటే కారణం చెప్పాలి.

1929లో వచ్చి 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకి కనీసం 14 ఏళ్ళు నిండాలని చెప్పింది. ఆ చట్టాన్ని చాలామంది దేశాభిమానులు పరాయి ప్రభుత్వం మన ఇంట్లోకి రావటంగా చూశారు. వరలక్ష్మమ్మ దాన్ని సమర్థించింది. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. స్వరాజ్యం కోసం ఖద్దరు కట్టమని చెప్పిన మనిషే, ఆడపిల్ల విషయంలో "మన ఇల్లు, మన ఆచారం" అనే వాదనని ఒప్పుకోలేదు. ఆమె దేశాన్ని ప్రేమించటానికి కారణం అది మనది కావటం ఒక్కటే కాదు. అది ఆడపిల్ల బతకగలిగే చోటు కావాలన్న ఆశ కూడా. 1924లో రాసిన ‘కుటీరలక్ష్మి’ కథలో కూడా అంతే. కుటీర పరిశ్రమ కూలిపోతే జాతీయ సంపదకి ఎంత నష్టమో లెక్క కట్టదు. ఒక ఆడమనిషి పొయ్యి ఏమవుతుందో చెబుతుంది. 1931లో ఆమె బాపట్లలో పెట్టిన స్త్రీ హితైషిణీ మండలి ఈ ఆలోచనకి కొనసాగింపే.

వరలక్ష్మమ్మకి హద్దులున్నాయి. శారద గృహిణి. ఇంటి గడపని పెద్దది చేస్తుందే కానీ దాటదు. ఆమె కల్పలతకి రాస్తుందే కానీ ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషికి రాయదు. ఆ మనిషికి చదువు లేదు కాబట్టి ఆ ఉత్తరం అందదు. అయినా "నా ఇంటి కారణాలతో నేను దేశం గురించి మాట్లాడతాను" అనే పద్ధతిని తెలుగులో నిలబెట్టినందుకు ఆమెకి మనం రుణపడి ఉన్నాం.

ఆ తరం స్త్రీలలో చాలామందికి దేశం అంటే బడి. ఉన్నవ లక్ష్మీబాయమ్మ 1922లో భర్తతో కలిసి గుంటూరులో శారదా నికేతన్ పెట్టింది. వితంతువులకీ, ఆడపిల్లలకీ అక్కడ చదువు దొరికింది. దుర్గాబాయి చిన్నపిల్లగా ఉండగానే, 1921లో కాకినాడ వచ్చిన గాంధీ దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టి సభ ఏర్పాటు చేసింది. ఆ సభలో ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారని ఆమె చెప్పుకుంది. ఈ సంఘటనని మనం త్యాగానికి ఉదాహరణగా చెబుతాం. నాకు ఇంకో ప్రశ్న వస్తుంది. ఊరంతా వెలిగా చూసే ఆ స్త్రీలు, తమని ఎన్నడూ తనలో కలుపుకోని దేశానికి నగలు ఎందుకిచ్చారు? ఒక సభకి వాళ్ళని మనుషులుగా పిలవటమే కారణమేమో. అంత చిన్న మర్యాదకి అంత పెద్ద ధర కట్టారంటే, అంతకుముందు దేశం వాళ్ళకి ఎంత తక్కువ ఇచ్చిందో అర్థమవుతుంది.

దుర్గాబాయి పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఇంకో జీవితంలో కనిపిస్తుంది. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. బాల్యవితంతువు. చిన్నప్పుడు జాతీయోద్యమ గీతాలు పాడిన గొంతు. కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చి, మళ్ళీ పెళ్ళి చేసుకుని, అజ్ఞాతంలో తిరిగి, చివరికి భర్త వదిలేస్తే ముప్పై ఏళ్ళు దాటాక ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకుని, ఉద్యోగం చేసుకుని బతికింది. దేశం కోసం, విప్లవం కోసం ఇచ్చింది లెక్కలేనంత. తిరిగి ఆమెని నిలబెట్టింది ఇంకో స్త్రీ కట్టిన ఒక బడి. కోటేశ్వరమ్మ ఈ లెక్క ఎక్కడా గట్టిగా వెయ్యదు. కానీ చదివే మనం వెయ్యాలి. స్త్రీకి దేశం చేరేది చాలాసార్లు దేశం పేరుతో కాదు. తెరిచి ఉన్న ఒక బడి గుమ్మంలా చేరుతుంది.

ఇంతవరకు చెప్పిన స్త్రీలందరికీ "ఊరు" ఉంది. పెళ్ళితో మారినా ఉంది. మా సంగతి వేరు. నేను పుట్టింది కొలకలూరు. తెనాలి నుంచి దుగ్గిరాల వెళ్ళే దారిలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల కింద పండే ఊరు. కానీ మా ఇల్లు ఊళ్ళో లేదు, పల్లెలో ఉంది. ఊరు వేరు, పల్లె వేరు. "ఊళ్ళోకి పోయొస్తా" అని మా నాయనమ్మ అంటే, ఆమె నిలబడి ఉన్నచోటు ఊరు కాదని ఆమె మాటే ఒప్పుకున్నట్టు. ఊరే మనది కానప్పుడు దేశం మనదని ఎలా అనుకోవాలి? దళిత సాహిత్యంలో దేశం గురించిన ప్రశ్న మొదలయ్యేది ఇక్కడ.

జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. తంజావూరు సీమలోని ఒక అస్పృశ్యుడు తన బాధని కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మనిషికి గుడి గడప దాటే వీలు లేదు, గబ్బిలానికి ఉంది. దారి చెబుతూ ఆ మనిషి దేశం మీది నదుల్నీ, కోటల్నీ, గత వైభవాల్నీ ఎంత ప్రేమగా చూపిస్తాడో గమనిస్తే ఆశ్చర్యమేస్తుంది. కాలు పెట్టనివ్వని దేశాన్ని మొత్తంగా కళ్ళతో ప్రేమించినవాడు. ఫిర్యాదు, ప్రేమ ఒకే నోటినుంచి వస్తాయి. తెలుగులో కారణం చెప్పి, కారణం అడిగిన దేశభక్తి కావ్యం ఏదన్నా ఉంటే నా లెక్కలో అది ఇదే.

కానీ అందులో స్త్రీ ఎక్కడ? తన బిడ్డలు కూడా బానిసలే అవుతారని ఆ మనిషి పెళ్ళే చేసుకోలేదు. ఆ నిర్ణయంలోని బాధని తక్కువ చెయ్యను. కానీ దాని ఫలితంగా ఆ గుడిసెలో ఆడమనిషి లేకుండా పోయింది. నీళ్ళు మోసేదీ, నాట్లు వేసేదీ, బిడ్డని చంకనేసుకుని కూలికి పోయేదీ ఆ కావ్యానికి బయట ఉండిపోయింది. విచిత్రంగా జాషువా సొంత కూతురే దీనికి ఒక జవాబు. హేమలతా లవణం తండ్రి గురించి ‘మా నాన్నగారు’ రాసింది. పుట్టుకతోనే మనుషుల్ని నేరస్థులన్న చట్టం కింద ఏర్పడిన స్టూవర్టుపురంలో, బాపట్ల పక్కనే, ఆ మనుషులతో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. దాని మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు. దేశం ఎవరిని బయట పెట్టిందో వాళ్ళ దగ్గరికి వెళ్ళటం కూడా దేశాన్ని ప్రేమించే పద్ధతే.

కొలకలూరి ఇనాక్ పుట్టింది వేజెండ్లలో అయినా, ఇంటిపేరులో మా ఊరిని మోస్తున్న రచయిత. ఆయన ‘ఊరబావి’ కథ ఒక బావి నీళ్ళ మీద నడుస్తుంది. చిన్నప్పుడు ఆ కథ చదివినప్పుడు నాకు బావి కథలా అనిపించింది. పరిశోధన చేస్తూ మళ్ళీ చదివితే అది దేశం కథ అనిపించింది. నీళ్ళు తోడుకునే హక్కు లేనిచోట స్వాతంత్ర్యం అనే మాటకి అర్థం ఏమిటన్నదే అక్కడ ప్రశ్న. నీళ్ళు మోసేది ఆడవాళ్ళే కాబట్టి ఆ ప్రశ్న ముందు తగిలేది వాళ్ళకే.

గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల్ని 1921 నుంచి ఒకచోట చేర్చింది. దాన్ని మనం అస్తిత్వ సాహిత్యం అని పిలిచి ఒక అరలో పెట్టేశాం. దేశభక్తి సాహిత్యం అనే అరలో దాన్ని పెట్టాలని ఎవరికీ తోచలేదు. నేను పెడతాను. మట్టి గురించి అంత తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? గురజాడ దేశాన్ని మట్టి నుంచి తప్పించటం ఆనాటికి గొప్ప అడుగు. కానీ దళిత స్త్రీ దగ్గరికి వచ్చేసరికి మట్టిని అంత సులువుగా వదలలేం. ఆకుమడిలో నారు పీకి, మోకాటిలోతు బురదలో వంగి నాటు వేసి, కలుపు తీసి, మినుము పీకి, పసుపు కొమ్ములు ఏరే చేతులకి దేశం అంటే మట్టి కూడా. ఆ చేతుల పేరుమీద మాత్రం ఒక సెంటు ఉండదు. హిందూ కుటుంబాల్లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 నుంచే వర్తించింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. భూమి ఉన్న ఇళ్ళకి అది పెద్ద మార్పు. పంచుకోవటానికి భూమే లేని ఇంటికి ఆ చట్టం ఏ గుమ్మం గుండా వస్తుంది?

ఇంత చెప్పాక, మా నాయనమ్మని నేనడిగిన మాట కూడా చెప్పాలి. చదువుకోసం పల్లెలో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేస్తున్న రోజుల్లో ఆమెని అడిగాను. "నాయనమ్మా, నీకు దేశమంటే ఇష్టమేనా?"

"దేశమంటే ఏ దేశమే?"

"మన దేశమే. ఇండియా."

కాసేపు ఆగి, 1955 ఎన్నికల్లో తొలిసారి ఓటెయ్యటానికి పోయిన సంగతి చెప్పింది. "బళ్ళో బల్లకాడ కూర్చున్నాయన కాయితం చూసి నా పేరు మొత్తం చదివాడమ్మే, ఇంటిపేరుతో సహా. అప్పటిదాకా నా ఇంటిపేరు గుళ్ళో పుస్తకంలో తప్ప ఎవురూ పలకలా. చేలకాడ కామందులు ‘ఏమే’ అనేవోళ్ళు, లేపోతే మీ తాత పేరు చెప్పి ‘వాడి పెళ్ళాం’ అనేవోళ్ళు. ఆయన మాత్రం పేరు పెట్టి పిలిచాడు. అందుకు ఇష్టం."

మా పల్లెలో గుడి అంటే చర్చే. ఈ జవాబు విన్నాక నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాల నుంచి సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు కొట్టేశారు. సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకోవటం దానికి కారణం. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. పరువుగల ఇళ్ళలో పేరు బయటికి రాకూడదు. మా నాయనమ్మకి ఆ పరువు లేదు కాబట్టి పేరు చెప్పుకుంది. ఆ పేరు ఆమెకి తిరిగి వినిపించింది. పేరు దాచుకోవటం ఒకరికి గౌరవం, పేరుతో పిలిపించుకోవటం ఇంకొకరికి గౌరవం. దేశం స్త్రీలందరికీ ఒకేలా అందదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ పేరుకి కూడా ఒక మెలిక ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకీ ముస్లింలకీ రాలేదు. అందువల్ల మా పల్లెల్లో గుళ్ళో ఒక పేరు, బడి కాగితంలో ఒక పేరు ఉన్న మనుషులు కొత్త కాదు. వెలివాడ మతాన్ని చూసి వదలదు, రిజర్వేషన్ మాత్రం మతాన్ని చూస్తుంది. పేరు పెట్టి పిలిచినందుకు దేశాన్ని ప్రేమించిన నాయనమ్మ మనవలు, ఆ దేశం ముందు రెండు పేర్లతో నిలబడాల్సి వచ్చింది. సదస్సులో నన్నడిగిన ప్రశ్నకి అసలు చిరునామా ఇది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చింది. తెలుగు పద్యంలో ఒదిగిన క్రీస్తుని ఆ గడపమీద ఎవరూ పరాయివాడనలేదు. పల్లెలోని చర్చికి పోయే కూలి స్త్రీని మాత్రం అడుగుతారు.

ఎం.ఎం. వినోదిని ఒక కథలో లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని కూతురి కథగా మార్చింది. ఒక దళిత క్రైస్తవ అమ్మాయి అగ్రకుల స్నేహితురాలి ఇంటి శుభ్రతకీ, సంస్కారానికీ మురిసిపోయి, సొంత ఇంటిని అసహ్యించుకుని, చివరికి ఆ ఇంట్లోనే అవమానపడి తండ్రి దగ్గరికి తిరిగొస్తుంది. దేశం అనే మాట లేకపోయినా, ప్రేమించటానికి తగినదిగా మనకి చూపించే ఇల్లు ఎవరిదని ఈ కథ అడుగుతుంది. దేశసంస్కృతి అని పాఠాల్లో చదివేది ఆ స్నేహితురాలి ఇల్లే. అక్కడ మనకి ప్రేమ నేర్పుతారు, చోటు ఇవ్వరు. ఆ అమ్మాయి తిరిగి వచ్చాక ప్రేమించేది కారణం తెలిసి ప్రేమించటం.

ఇప్పుడు కష్టమైన చోటికి రావాలి. కొలకలూరు తెనాలికి ఒకవైపు, చుండూరు ఇంకోవైపు, ఒకే రైలు దారి మీద. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని వెంటాడి చంపారు. ఎనిమిదిమంది. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని తమ ఊళ్ళోకే తెప్పించుకున్నారు. నేరం జరిగినచోటే అలాంటి కోర్టు పెట్టటం దేశంలో అదే మొదటిసారి. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న స్త్రీలకి ఇన్నేళ్ళూ దేశం అంటే వాయిదా.

తెనాలిలో రణరంగ చౌక్ ఉంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకి చనిపోయిన ఏడుగురి గుర్తుగా అక్కడ స్తూపాలున్నాయి. ఏడూ మగ పేర్లే. వాళ్ళ త్యాగానికి తలవంచుతూనే అడుగుతున్నాను. తెనాలి దేశభక్తి అంటే చౌక్ దగ్గర మాత్రమే ఎందుకు ఆగిపోతుంది? రాజ్యాంగాన్ని నమ్మి, కోర్టుని ఊళ్ళోకి పిలిచి, తమని బెదిరించిన మనుషుల ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్ళది దేశభక్తి కాదా? దేశం మీద నమ్మకం లేనివాళ్ళు కోర్టుకి వెళ్ళరు. ఆ నమ్మకాన్ని దేశం నిలబెట్టుకుందా లేదా అన్నది దేశం చెప్పాల్సిన జవాబు. వాళ్ళ ప్రేమకి పరీక్ష అయిపోయింది, దేశానిదే మిగిలింది.

మన స్త్రీవాద విమర్శ 1980ల తర్వాత "దేశభక్తి" అనే మాటని దాదాపు వదిలేసింది. దానికి కారణాలున్నాయి. భరతమాత బొమ్మలో స్త్రీని దేవతని చేసి, ఇంట్లో స్త్రీని నోరెత్తనివ్వని జాతీయవాదాన్ని మనం చూశాం. శరీరం, వంటిల్లు, శ్రమ, కులం మన ముఖ్య విషయాలయ్యాయి, కావాల్సిందే. కానీ వదిలేసిన మాట ఖాళీగా ఉండదు. మనం మాట్లాడనిచోట కారణం అడగనివ్వని ప్రేమ వచ్చి కూర్చుంది. ఇవాళ ఆ ప్రేమే మనల్ని, ముఖ్యంగా మాలాంటివాళ్ళని, రుజువు అడుగుతోంది.

వ్యక్తిగత కారణాలతో దేశాన్ని ప్రేమిస్తే దేశం చిన్నదైపోతుందని కొందరి భయం. ఒకరికి కాలవ, ఒకరికి బడి, ఒకరికి ఓటు చీటీ అయితే అందరినీ కలిపేదేముంది అంటారు. నా చదువులో నాకు కనిపించింది వేరు. వరలక్ష్మమ్మ ఆడపిల్ల వయసు గురించి, కోటేశ్వరమ్మ చదువు గురించి, మా నాయనమ్మ పేరు గురించి, చుండూరు స్త్రీలు న్యాయం గురించి మాట్లాడారు. ఒక్కోటి సొంత కారణమే. కానీ ఒక్కో కారణమూ ఇంకొకరికి కూడా దక్కాల్సిన హక్కే. నన్ను పేరు పెట్టి పిలిచినందుకు ఇష్టం అన్న మాటలోనే, పక్కింటామెని కూడా పేరు పెట్టి పిలవాలన్న కోరిక ఉంది. కారణంలేని భక్తి అలా పక్కింటికి పాకదు. అది అందరినీ ఒకే మాట అనిపిస్తుంది, అంతే.

అందుకే విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పే మిత్రులకి నాదొక ప్రతిపాదన. దేశభక్తి సాహిత్యం అనే పాఠంలో గురజాడ పక్కన ‘శారద లేఖలు’ పెట్టండి. ‘గబ్బిలం’ పక్కన ‘నల్లపొద్దు’ పెట్టండి. ‘నిర్జన వారధి’ని ఉద్యమ చరిత్రగానే కాక, ఒక స్త్రీ దేశంతో వేసుకోవాల్సిన లెక్కగా చదివించండి. తర్వాత విద్యార్థినుల్ని దేశం గురించి ఒక పేజీ రాయమనండి, "ఎందుకంటే" అనే మాట తప్పకుండా ఉండాలన్న ఒక్క షరతుతో. ఇష్టం లేదని రాసే పిల్ల కూడా ఉంటుంది. ఆమెనీ ఎందుకో రాయనివ్వండి. ఆ పేజీలు మనకి చాలా నేర్పుతాయి.